చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

17వ శతాబ్దపు యూరప్ ఎన్‌గ్రేవింగుల్లో మనిషి హోదాను ముఖం కన్నా ముందే కాలరు చెబుతుంది, చెయ్యి చెబుతుంది. ఆ భాష నాకు మా ఇంట్లోనే కొంత అలవాటు.

2019 ఫిబ్రవరి 18. నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో శాంతి సౌధం. కులభూషణ్ జాధవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం వాదనలు వినే మొదటి రోజు. పుల్వామా దాడి జరిగి అప్పటికి నాలుగు రోజులే. పాకిస్థాన్ అటార్నీ జనరల్ అన్వర్ మన్సూర్ ఖాన్ భారత బృందం వైపు వచ్చి చెయ్యి చాచారు. మన విదేశాంగ శాఖ సంయుక్త కార్యదర్శి దీపక్ మిత్తల్ ఆ చెయ్యి అందుకోలేదు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. ఆ సాయంత్రానికల్లా ఆ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ రోజు లోపల ఎవరు ఏ నిబంధన మీద ఎంతసేపు వాదించారో గుర్తున్నవాళ్లు తక్కువ. నమస్కారం మాత్రం అందరికీ గుర్తుంది.

నేనూ దాని గురించే వార్త పంపాను. కానీ ఆ హాల్లో నా చూపు ఆగింది మరో చోట. న్యాయమూర్తులు వరసగా వచ్చి కూర్చున్నారు. నల్లటి గౌన్లు. మెడ కింద తెల్లటి లేసు కుచ్చు. ప్రపంచంలోని రకరకాల దేశాల నుంచి వచ్చిన మనుషులు, అందరి గొంతు కిందా అదే లేసు. దాన్ని చూడగానే నాకు గుర్తొచ్చింది మా అమ్మ చేతిలోని గంజి గిన్నె.

నాన్న గోదావరి ప్రాంతంలో ఓ చిన్న కోర్టు ఊళ్లో ప్లీడరు గుమాస్తా. బోర్డు మీద జూనియర్ సివిల్ జడ్జి అని మారినా ఊళ్లో వాళ్లకు అది ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే. వకాల్తాలు, వాయిదాలు, స్టాంపులు, నకళ్లు నాన్న పని. ప్లీడరు గారు మెడకు కట్టుకునే తెల్ల బ్యాండ్లు ఉతికి, పల్చటి గంజి పెట్టి, మడత చెడకుండా ఇస్త్రీ చేయడం అమ్మ పని. దానికి విడిగా జీతమేమీ లేదు. ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి ఆ బ్యాండు మెడకు కట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నాన్న చూశాడు. కొట్టలేదు. మెల్లగా విప్పి, ''ఇది చదివితే వచ్చేదిరా, కట్టుకుంటే వచ్చేది కాదు'' అన్నాడు. అమ్మ దాన్ని మళ్లీ ఉతకాల్సి వచ్చింది. నేను లా చదవలేదు. రాజనీతి శాస్త్రం చదివి ఈ ఉద్యోగంలో పడ్డాను.

మా ఇంటి గోడ మీద ఒక ఫొటో ఉండేది. 1994లో ఆ ఊరి న్యాయవాదుల సంఘం తీయించుకున్నది. ముందు వరసలో కుర్చీల్లో సీనియర్లు, వెనక నిలబడి జూనియర్లు. అందరికీ నల్ల కోట్లు, తెల్ల బ్యాండ్లు. కూర్చున్నవాళ్ల చేతులు మోకాళ్ల మీద. వెనక వరసకు కుడివైపు చివర, మిగతావాళ్లకు ఒక అడుగు ఎడంగా, తెల్ల చొక్కాలో నాన్న. కింద అచ్చు అక్షరాల్లో ఎడమ నుంచి కుడికి పేర్లు. ఆ పేర్లు నాన్నకు సరిగ్గా ఒక మనిషి ముందు ఆగిపోతాయి. ఆయన చేతులు కనిపించవు. వెనక్కి ఉన్నాయి. చేతులు దాచుకున్న మనిషిగానే నాన్నను ఆ ఫొటోలో చూస్తూ పెరిగాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వాదనలు ముగిసిన మర్నాడు నాకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక రోజు ఖాళీ దొరికింది. రెంబ్రాంట్ ఇల్లు చూడడానికి వెళ్లాను. 1639లో కొని, 1656లో దివాలా తీసి పోగొట్టుకున్న ఇల్లది. ఇప్పుడు మ్యూజియం. పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలుంటాయని వెళ్లినవాడికి అక్కడ కనిపించేవి ఎక్కువగా అరచేతి మందాన నలుపు తెలుపు బొమ్మలు. రాగిరేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసినవి. ఆ అచ్చు ఎలా వేస్తారో అక్కడే చేసి చూపిస్తారు. రేకు నిండా సిరా పూసి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో దిగిన సిరా మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితం దానిమీద పరిచి రోలర్ల మధ్య నుంచి తోస్తారు. కాగితం ఆ సిరాను పీల్చుకుని పైకి వస్తుంది.

రేకు మీద ఆమ్లంతో గీత తినిపిస్తే అది ఎచింగ్. బ్యూరిన్ అనే మొనదేలిన చిన్న ఉలితో చేత్తో దున్నితే ఎన్‌గ్రేవింగ్. ఉలిని లోతుగా నొక్కితే గీత లావెక్కుతుంది, తేలిస్తే సన్నబడుతుంది. పట్టు, ఉన్ని, ఇనుప కవచం, చెంప మీది నునుపు అన్నీ ఆ లావు సన్నాల్లోంచే పుట్టాలి. ఇంకో చిక్కుంది. అచ్చులో బొమ్మ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. జాగ్రత్త పడకపోతే సేనాధిపతి ఎడంచేత్తో కత్తి పడతాడు. అందుకే ఎన్‌గ్రేవర్ ముందే తిరగేసి గీసుకోవాలి. ఆ బొమ్మల్లో ఏ చెయ్యీ యాదృచ్ఛికంగా అక్కడ లేదని నాకు అర్థమైంది అప్పుడే.

తిరిగొచ్చాక ఇది నాకొక వ్యసనమైంది. పెద్ద మ్యూజియాలు తమ దగ్గరున్న ఈ అచ్చుల్ని ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఢిల్లీలో రాత్రిళ్లు వార్త పంపేశాక వాటిని పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చునేవాణ్ని. రాజకీయాలు రాసేవాడికి అది అంత దూరపు విషయమేమీ కాదు. ఫొటో లేని కాలంలో రాజు, సేనాని, మంత్రి, మతాచార్యుడు ఊరూరా జనానికి తెలిసింది ఈ కాగితాల ద్వారానే. తైలవర్ణ చిత్రం ఒక్క గోడకే పరిమితం. అచ్చు వందల చేతుల్లోకి వెళ్తుంది. మన ఎన్నికల పోస్టరుకు అది ముత్తాత.

కాలరు సంగతే చూద్దాం. 17వ శతాబ్దం మొదట్లో డచ్చి పెద్దమనుషుల మెడ చుట్టూ తిరగలి రాయంత కాలరు కనిపిస్తుంది. మూరల కొద్దీ సన్నటి నార బట్ట, మడత మీద మడత. గంజి లేకపోతే అది నిలబడదు. ఆ గంజి పెట్టే విద్య 16వ శతాబ్దంలో ఈ ప్రాంతం నుంచే ఇంగ్లండుకు వెళ్లింది. అంత కాలరు పెట్టుకున్నవాడు వంగి బరువెత్తలేడు, తల తిప్పి తన పళ్లెం కూడా సరిగా చూడలేడు. అదే దాని అర్థం. ఈ మనిషికి వంగాల్సిన అవసరం లేదు. అతని కోసం వంగేవాళ్లు వేరే ఉన్నారు.

తర్వాత ఆ తిరగలి రాయి భుజాల మీదికి వాలింది. అంచున ఫ్లాండర్స్ లేసు చేరింది. శతాబ్దం చివరికి చాలామంది మెడల మీద అది కుదించుకుపోయి గొంతు కింద వేలాడే రెండు తెల్ల పట్టీలైంది. ఫాషన్ ముందుకు వెళ్లిపోయినా పాదిరీలు, న్యాయవాదులు దాన్ని వదల్లేదు. ఇంగ్లండు కోర్టుల్లోంచి అది మన కోర్టులకొచ్చింది. 1961 న్యాయవాదుల చట్టం కింద చేసిన నిబంధనల్లోనూ నల్ల గౌనుతో పాటు తెల్ల బ్యాండు ఉంది. అంటే మా అమ్మ గంజి పెట్టింది 17వ శతాబ్దపు కాలరు ముక్కకే.

ఎవరు ఏం కట్టుకోవాలన్నది అప్పుడు రాజ్యానికి సంబంధించిన వ్యవహారం. వ్యాపారి డబ్బున్నంత మాత్రాన ప్రభువులా వేసుకుంటే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అందుకే యూరప్‌లో చాలా దేశాలు దుస్తుల చట్టాలు చేశాయి. ఇంగ్లండు 1604లో వాటిని ఎత్తేసింది. ఫ్రాన్స్ మాత్రం పదే పదే కొత్త ఉత్తర్వులు తెచ్చింది. అక్కడ హోదా గొడవతో పాటు డబ్బు గొడవ కూడా ఉంది. విదేశీ లేసుల కోసం దేశం సొమ్ము బయటికి పోతోందన్నది ప్రభుత్వం బాధ. 1633 ఉత్తర్వు తర్వాత అబ్రహం బాస్ అనే పారిస్ కళాకారుడు దానిమీదే బొమ్మలు వేశాడు. లేసులు, రిబ్బన్లు వదిలేసి సాదా కాలరు వేసుకున్న కొలువు దొర ఒక బొమ్మ. అలాంటి దొరసాని ఇంకొకటి. కింద పద్యాలు. చట్టాన్ని పొగుడుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా అన్నది చూసేవాళ్ల ఇష్టం. చిత్రమేమిటంటే, నిషేధించిన లేసును అంత ముద్దుగా గీయగలిగినవాడు ఆ కాలంలో మరొకడు లేడు.

అచ్చుకు రంగు లేదు. హోదాకేమో రంగే ప్రాణం. ఫ్రాన్స్‌లో అత్యున్నత గౌరవమైన పవిత్రాత్మ వీరశ్రేణి సభ్యుడికి శిలువ వేలాడేది నీలం రిబ్బను మీద. కాగితం మీద అది బూడిద రంగు పట్టీ. దీనికి ఆ కాలం వాళ్లు ఒక ఉపాయం చేశారు. వంశ చిహ్నాల్లోని రంగుల్ని గీతల్లో చెప్పే పద్ధతిని సిల్వెస్టర్ పెట్రా సాంక్టా అనే జెసూట్ పండితుడు 1638లో తన పుస్తకంలో స్థిరపరిచాడు. అడ్డ గీతలంటే నీలం. నిలువు గీతలంటే ఎరుపు. చుక్కలంటే బంగారం. ఖాళీగా వదిలేస్తే వెండి. ఇది తెలిసినవాడికి ఆ నలుపు తెలుపు బొమ్మ మూలనున్న చిన్న డాలు ఒక్కసారిగా రంగుల్లో వెలుగుతుంది. తెలియనివాడికి అవి ఉత్త గీతలు. చదవగలగడం కూడా ఒక హోదానే.

ఈ విద్యలో నా దృష్టిలో అందరికన్నా గొప్పవాడు రాబర్ట్ నాంతాయ్. 1623లో రాన్స్ పట్టణంలో పుట్టాడు. 1658లో 14వ లూయీ ఆస్థాన ఎన్‌గ్రేవర్ అయ్యాడు. రెండు వందలకు పైగా ముఖచిత్రాలు చెక్కాడు. ఎక్కువ భాగం ఒకే అచ్చు. రాతి పీఠం, దానిమీద అండాకారపు చట్రం, అందులో ఛాతీ వరకు మనిషి. కింద పేరు, పదవులు, వంశ చిహ్నం. చేతులు దాదాపు కనిపించవు. మనిషి ఎవరన్నది మెడ దగ్గర తేలిపోవాలి. సేనాని త్యూరెన్ అయితే కవచం. న్యాయాధికారి అయితే నల్ల గౌను మీద సాదా తెల్ల కాలరు. ఆ సాదాతనం పేదరికం కాదు. లేసు అక్కర్లేనంత పెద్దవాణ్నని చెప్పడం. మన దగ్గర ఖద్దరు చొక్కా ఇస్త్రీ మడత చూసి ఎమ్మెల్యేనో, మంత్రినో గుర్తుపట్టే వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ కాలపు విద్యార్థులు కూడా ఈ బొమ్మల్ని వాడుకున్నారు. పట్టా కోసం సిద్ధాంతాన్ని బహిరంగ సభలో సమర్థించుకోవాలి. స్థోమత ఉన్న కుర్రాడు ఆ సిద్ధాంతాంశాల్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, పైన ఏ మంత్రి బొమ్మో, రాజు బొమ్మో పెట్టించి అంకితమిచ్చేవాడు. నాంతాయ్ చెక్కిన లూయీ ముఖాలు కొన్ని నిలువెత్తు మనిషి తలంత ఉండడానికి కారణం ఇదే. పట్టా చదువు నాది, బొమ్మ మాత్రం దొరగారిది. ఫ్లెక్సీలో పుట్టినరోజు కుర్రాడి మొహం చిన్నదిగా, నాయకుడి మొహం పెద్దదిగా వేయడం మనం కనిపెట్టిందేమీ కాదు.

ఇక చేతుల సంగతి. 1530లో ఎరాస్మస్ పిల్లలకు మర్యాదలు నేర్పుతూ ఒక చిన్న పుస్తకం రాశాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడడం సైనికుల అలవాటని, అది మిగతావాళ్లకు శోభించదని అందులో హెచ్చరించాడు. వందేళ్లు తిరిగేసరికి ఆ చెయ్యే పెద్దమనిషి గుర్తయింది. నడుం మీద చెయ్యి, మోచెయ్యి బయటికి. ఎదుటివాడు కాస్త పక్కకు జరగాలి. జాగా ఆక్రమించుకునే భంగిమ అది. సేనాధిపతికైతే రెండో చేతిలో అధికార దండం. ప్రభువుకైతే ఒక గ్లోవు తొడుక్కుని, ఒకటి చేత్తో పట్టుకోవడం. చేతికి పని లేదని చెప్పడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. ఆడవాళ్ల మోచెయ్యి మాత్రం ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. చేతులు నడుం ముందు ఒకదాని మీద ఒకటి, లేదా విసనకర్ర మీద. 1644లో లండన్‌లో జాన్ బుల్వర్ అనే వైద్యుడు చేతుల సహజ భాష మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు.

ఈ నియమాలన్నీ తెలిసి, వాటిని పక్కనపెట్టిన ఒక మహిళ ఉంది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కూతురు ఇసబెల్లా. స్పెయిన్ ఏలుబడిలోని నెదర్లాండ్స్ పాలకురాలు. 1621లో భర్త చనిపోయాక ముత్యాలు, జరీలు తీసేసి ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల ముతక వస్త్రం కట్టింది. 1625లో బ్రెడా నగరం ఆమె సేనలకు లొంగిపోయిన తర్వాత రూబెన్స్ ఆమెను ఆ వస్త్రంలోనే చిత్రించాడు. దాన్ని పాల్ పాంటియస్ ఎన్‌గ్రేవింగ్ చేశాడు. కిరీటం లేదు, నగ లేదు. అయినా ఆ బొమ్మ ముందు ఎవరూ ఆమెను పేదరాలని అనుకోరు. అధికారం ఉన్నవాళ్లకు ముతక బట్ట కట్టుకునే స్వేచ్ఛ కూడా ఉంటుంది. లేనివాళ్లకు అది ఎంచుకున్న వస్త్రం కాదు, ఉన్న వస్త్రం.

రెంబ్రాంట్ గీసిన యాన్ సిక్స్ ఇంకో రకం. 1647 నాటి ఎచింగ్. ధనిక కుటుంబంలోని కుర్రాడు కిటికీకి ఆనుకుని, వెలుతురు వైపు కాగితాలు పట్టుకుని చదువుకుంటున్నాడు. కత్తి, పైవస్త్రం పక్కన పడేసి ఉన్నాయి. ఆ కుటుంబం సొమ్ము చేసుకున్నది బట్టలకు రంగులద్దే వ్యాపారంలో. ఆ ఇంటి కొడుకు బట్టల్ని పక్కకు తోసి పుస్తకప్రియుడిలా నిలబడ్డాడు. ఇటలీ కొలువుల్లో దీన్ని పెద్ద కళగా చెప్పుకునేవాళ్లు. కష్టపడి సాధించిందాన్ని కష్టపడనట్టు చూపడం. మన తెలుగులో 'అలవోక' అనే మాట దానికి సరిపోతుంది. ఆ అలవోక కుర్రాడు 1691లో ఆమ్‌స్టర్‌డామ్ మేయరయ్యాడు.

రెంబ్రాంట్ తన సంగతేమిటి? 1639లో, ఆ ఇల్లు కొన్న సంవత్సరం, పాతకాలపు ఇటాలియన్ ప్రభువులా వెల్వెట్లు వేసుకుని రాతి గట్టు మీద మోచెయ్యి ఆనించిన తన బొమ్మ గీసుకున్నాడు. 1648లో ఇంకోటి. మామూలు టోపీ, పని బట్టలు, కిటికీ పక్కన బల్ల, చేతిలో రేకు మీద గీసే పరికరం. తొమ్మిదేళ్ల దూరంలో రెండు చేతులు. ఒకటి గట్టు మీద విశ్రాంతి తీసుకుంటోంది, ఒకటి పనిచేస్తోంది.

చేతిలో పనిముట్టు పట్టుకోవడం అప్పుడు ఎంత ధైర్యమో తెలియాలంటే వాన్ డైక్ 'ఐకనోగ్రఫీ' చూడాలి. 1630ల్లో ఆంట్‌వెర్ప్‌లో మొదలైన ముఖచిత్రాల వరస అది. మొదట మార్టిన్ వాన్ డెన్ ఎండెన్ 80 బొమ్మలు అచ్చు వేశాడు. వాన్ డైక్ చనిపోయాక 1645లో గిల్లిస్ హెండ్రిక్స్ దాన్ని 100 బొమ్మల పుస్తకంగా తెచ్చాడు. రాజులు, సేనానులు ఒక తరగతి. రాజనీతిజ్ఞులు, పండితులు ఒక తరగతి. చిత్రకారులు, కళాభిమానులు ఒక తరగతి. ఒకే సైజు కాగితం, ఒకే రకం శీర్షిక. గుస్తవ్ అడాల్ఫస్ ఉన్న పుస్తకంలోనే జంతువుల బొమ్మలు వేసే ఫ్రాన్స్ స్నైడర్స్ కూడా ఉన్నాడు. రాగిరేకు చెక్కే లూకాస్ వోర్‌స్టర్‌మాన్ కూడా ఉన్నాడు.

ఆ చిత్రకారుల్లో ఎక్కువమంది చేతుల్లో కుంచె లేదు, రంగుల పలక లేదు. భుజం మీంచి జారే పైవస్త్రం, దాని మడతల్లోంచి బయటికొచ్చే పొడుగు వేళ్ల చెయ్యి. పండితుడికీ, ప్రభువుకీ, చిత్రకారుడికీ దాదాపు అదే చెయ్యి. చిత్రకారుడంటే సంఘంలో వడ్రంగి, కమ్మరి పక్కన లెక్కపెట్టే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. నేను చేత్తో బతికేవాణ్ని కాదు, బుద్ధితో బతికేవాణ్ని అని చెప్పాలంటే ముందు చెయ్యి ఖాళీగా కనిపించాలి. ఎన్‌గ్రేవర్లకు ఆ మాట చట్టరీత్యా దక్కడానికి ఫ్రాన్స్‌లో 1660 దాకా పట్టింది. ఎన్‌గ్రేవింగ్ చేతివృత్తి సంఘాల కిందకు రాదని, అది స్వేచ్ఛా కళ అని ఆ ఏడాది 14వ లూయీ శాసనం చేశాడు.

వాన్ డైక్ చేతుల గురించి ఇంకో మాటుంది. రొజే ద పీల్ అనే ఫ్రెంచి రచయిత 1708లో రాసిన దాని ప్రకారం, చేతులు గీసుకోవడానికి వాన్ డైక్ జీతమిచ్చి వేరే మనుషుల్ని పెట్టుకునేవాడు. ప్రభువు ముఖం గీసి పంపించేసి, చేతులకు వాళ్లను కూర్చోబెట్టేవాడు. ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అంత హుందాగా కత్తి పిడి మీద ఆనిన చెయ్యి, లేసు మణికట్టు నుంచి జారిన చెయ్యి, అది ఎవరిదో! ఆ కూలివాడి పేరు ఏ బొమ్మ కిందా లేదు.

పేర్ల విషయంలో ఈ బొమ్మలు మహా నిక్కచ్చి. కింద అంచున బొమ్మలోని మనిషి పేరు, బిరుదులు. ఒక మూల 'పింక్సిట్' అని చిత్రకారుడి పేరు. ఇంకో మూల 'స్కల్ప్‌సిట్' అని చెక్కినవాడి పేరు. 'ఎక్స్‌కుడిట్' అని అచ్చు వేయించిన వ్యాపారి పేరు. సిరా పూసి, తుడిచి, రోలరు తిప్పినవాడికి ఏ లాటిన్ మాటా లేదు.

14వ లూయీ బొమ్మకు ఇవేవీ అక్కర్లేదు. 1701లో రిగో వేసిన నిలువెత్తు చిత్రాన్ని పియేర్ ద్రెవే తర్వాత ఎన్‌గ్రేవింగ్ చేశాడు. స్పెయిన్ గద్దెనెక్కిన మనవడికి పంపాలని వేయించిన చిత్రం రాజుకు నచ్చి ఫ్రాన్స్‌లోనే ఉండిపోయింది. ఒక చెయ్యి నడుం మీద. రెండో చేతిలో రాజదండం తలకిందులుగా, చేతికర్రలా. 63 ఏళ్ల మనిషి పట్టు మేజోళ్ల కాళ్లు చూపిస్తున్నాడు. కొలువులో హోదాకు గుర్తయిన ఎర్ర మడమల బూట్లు వేసుకున్నాడు. ద్రెవే అచ్చులో ఎరుపు లేదు. కానీ ఎర్మిన్ బొచ్చు మీది నల్ల తోక చుక్కలు, వెల్వెట్ బరువు, విగ్గు ఉంగరాలు ఉలితో ఎలా తెచ్చాడంటే, లోపం కనిపించదు. దండాన్ని తలకిందులుగా పట్టుకోగలిగినవాడు రాజొక్కడే. మర్యాద తప్పే హక్కు కూడా హోదాలో భాగం.

మనవాళ్లు ఈ కథలో లేకపోలేదు. డచ్చి కంపెనీ 1606 నుంచి మచిలీపట్నంలో వర్తకం చేసింది. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన సుల్తానుల, మొగలుల ముఖచిత్రాల ఆల్బం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ నికొలాస్ విట్సెన్ చేతికి చేరి, ఇప్పుడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. రెంబ్రాంట్ అంతకు ముందే మొగల్ చిత్రాలు చూసి ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు. 1724-26 మధ్య ఫ్రాంస్వా వాలెంటైన్ అచ్చు వేసిన ఈస్టిండీస్ చరిత్రలో మొగల్ పాదుషాలు ఎన్‌గ్రేవింగులయ్యారు. తలపాగాలు, జామాలు వాళ్లు శ్రద్ధగానే గీశారు. పక్కకు తిరిగిన ముఖం, చేతిలో పువ్వు మాత్రం మన కొలువుల భాష. ఆ పువ్వుకు అర్థమేమిటో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎంతమందికి తెలిసి ఉంటుంది?

నా మనసులో మిగిలిపోయింది మాత్రం వేరే బొమ్మ. వెన్సెస్లాస్ హోలార్ ప్రాగ్‌లో పుట్టి, ఇంగ్లండులో అరండేల్ ప్రభువు దగ్గర పనిచేసి, అక్కడి అంతర్యుద్ధం వల్ల ఆంట్‌వెర్ప్ చేరుకున్నవాడు. 1640లో ఇంగ్లండు స్త్రీల దుస్తుల మీద 26 బొమ్మల వరస వేశాడు. దొరసాని నుంచి పల్లెటూరి ఆడమనిషి దాకా అందరూ ఉన్నారు. బట్ట ఉంది, పేరు లేదు. 1645లో ఆయన ఒక నల్లజాతి స్త్రీ ముఖం ఎచింగ్ చేశాడు. తలకు లేసు అంచున్న బట్ట. కళ్లు, పెదవులు, చెంపలు చూస్తే ఎవరో ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీసిందేనని తెలిసిపోతుంది. లేసు దారం దారం లెక్కపెట్టొచ్చు. పేరు మాత్రం లేదు. ఆ లేసు ఆమె కొనుక్కున్నదా, యజమానురాలు కట్టించిందా, బొమ్మ కోసం అరువు తెచ్చిందా? బొమ్మ చెప్పదు. ఎవరి లేసు గురించి మనకు ఈ సందేహం వస్తుంది, ఎవరి లేసు గురించి రాదు అన్నదే అసలు ప్రశ్న.

బట్టకీ, భంగిమకీ ఇంత పట్టింపేమిటని కొందరు మిత్రులు అంటారు. వాళ్లకు నేను మన ఊళ్ల కూడళ్లలోని అంబేద్కర్ విగ్రహాన్ని చూపిస్తాను. నీలం సూటు, చేతిలో పుస్తకం, ముందుకు చాచిన చూపుడు వేలు. ఏం కట్టుకోవాలో, ఎక్కడ వంగాలో ఊరు నిర్ణయించిన మనుషులకు ఆ సూటు ఒక వాదన. ఆ వేలు ఒక వాక్యం. గాంధీజీ 1921లో మదురైలో చొక్కా వదిలేసి కొల్లాయి కట్టిందీ వాదనే. ఒకరికి వదిలేయడం రాజకీయమైతే, ఇంకొకరికి వేసుకోవడం రాజకీయం. రెంటికీ ఒకే కొలబద్ద పనికిరాదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఈ బొమ్మలు నాన్నకు ట్యాబ్‌లో చూపించాను. ప్లీడరు గారు పోయి చాలా ఏళ్లయింది. నాన్న పని మానేసి కూడా ఆరేళ్లవుతోంది. తిరగలి రాయి కాలరు బొమ్మ దగ్గర ఆగి, అమ్మను పిలిచాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, ''దీనికి ఎన్ని గిన్నెల గంజి పట్టేదో'' అంది. వాన్ డైక్ చిత్రకారులను చూపించి, వీళ్లంతా బొమ్మలేసేవాళ్లే గానీ చేతిలో కుంచె లేకుండా నిలబడ్డారని చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. కాసేపు ఆ చేతులనే చూశాడు.

తర్వాత గోడ మీది ఫొటో వైపు చూసి, చాలా ఏళ్లుగా అడగలేనిది అడిగేశాను. ''ఆ రోజు నీ చేతులు ఎందుకు దాచుకున్నావు నాన్నా?''

''దాచుకోవడమేమిట్రా?'' అన్నాడు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం. ''ఫొటో తీసేవాడు ఫైళ్ల కట్ట పట్టుకుని నిలబడమన్నాడు. గుమాస్తా అని తెలుస్తుందట. వద్దని కట్ట కింద పెట్టేశాను. రోజూ మోసేదే, ఆ ఒక్క నిమిషం ఎందుకు? మరి చేతులెక్కడ పెట్టుకోవాలి? ప్లీడర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలంటే నాకు ఇష్టం లేదు. జడ్జి గారు సాయంత్రం కోర్టు ఆవరణలో నడిచేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంటారు. అలా పెట్టుకున్నాను.''

పాతికేళ్లు ఆ ఫొటో చూశాను. రెండు వందల ఎన్‌గ్రేవింగులు చూశాకే గానీ దాన్ని చదవడం రాలేదు. అదీ తప్పు చదివానని నాన్న చెబితే తెలిసింది.

ఫొటో కిందికి దించి తుడిచాను. పేర్ల వరస చివర కాస్త తెల్ల జాగా ఉంది. పెన్ను తీశాను. నాన్న వద్దన్నాడు. ''అచ్చు అక్షరాల పక్కన చేతిరాత బాగుండదు'' అని ఆయన కారణం. వెనక అట్ట మీద రాయమన్నాడు. రాశాను. వరసలో స్థానం, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. హోదా దగ్గర ఏం రాయమంటావని అడిగితే కాసేపు ఆలోచించి, ''సంవత్సరం రాయి చాలు'' అన్నాడు.